గంజి జిగట, పాకం జిగట

అన్నీ ఒకే దాంట్లో ఉన్నాయని ఎవడైనా అంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది. ఏదో ఒకటి అందులో ఉండదు. ఆ లేనిదాని గురించి వాడు నోరెత్తడు.

కెనడాలో, ఏజాక్స్‌లోని మా గరాజ్‌లో పదిహేడేళ్లుగా బీరు కాస్తున్నాను. మొలకెత్తించి ఎండబెట్టి నూక పట్టించిన బార్లీని, అంటే మాల్ట్‌ను, వేడినీళ్లలో గంటసేపు నానబెడితే అందులోని గంజి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిని వడకట్టి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలిపితే మిగతాది అదే చూసుకుంటుంది. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. లైబ్రరీ పుస్తకాలు చదివి, పాడుచేసి, మళ్లీ కాచి నేర్చుకున్నాను.

పోయిన చలికాలం గ్యాస్ పొయ్యి మీంచి గుండిగ దించబోతే కుడి భుజం పట్టేసింది. వేడినీళ్లు ఎడమ పాదం మీద ఒలికాయి. మా ఆవిడ పాదానికి మందు రాస్తూనే తీర్పు చెప్పేసింది.

"ఎత్తే పని లేకుండా చేసుకోగలిగితే చేసుకోండి. లేదంటే ఆ గుండిగ డొనేషన్ డబ్బాలోకి పోతుంది. చర్చిలో అందరూ మీ కాలేమైందని అడుగుతుంటే నేనెన్ని అబద్ధాలు చెప్పను?"

డెబ్బై రెండేళ్లవాణ్ణి మానేయమనడం తేలిక. మానేశాక శనివారాలు ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పరు.

వాటర్లూలో ఉండే మా అమ్మాయి ఫోన్ చేసింది. "డాడీ, ఆల్ ఇన్ వన్ ఎలక్ట్రిక్ మెషీన్ కొనుక్కో. నానబెట్టడం, వడకట్టడం, మరిగించడం అన్నీ అదే చేస్తుంది. జస్ట్ రీడ్ ద మాన్యువల్!"

"మాన్యువల్ రాసినవాడే అమ్మేవాడమ్మా," అన్నాను.

అయినా వెళ్లాను. బీరు సామాన్ల దుకాణంలో గడ్డం ఆయన ఒక స్టీలు పీపాను కన్నకూతుర్లా నిమురుతూ చూపించాడు. లోపల చిల్లుల బుట్ట. పక్కన పంపు. అడుగు నుంచి నీటిని తోడి గింజల మీద పోస్తూ ఉంటుందట. ముందు అంకెలు వెలిగే పెట్టె. ఏ వేడి కావాలో నొక్కితే చాలట.

"వేడి చూసే సెన్సర్ ఎక్కడుంది?" అన్నాను.

"అడుగున, సార్."

"హీటర్?"

"అదీ అడుగునే."

దొంగ పక్కనే సాక్షిని కూర్చోబెట్టారన్నమాట. పైన ఉన్న గింజల సంగతి ఎవరు చెబుతారు?

నాకీ అనుమానం ఊరికే రాలేదు. కుర్రతనంలో గోదావరి పక్క ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ కింద ఊక ఎగదోసేవాణ్ణి. అక్కడి మీటరు ముల్లు ఎప్పుడూ ఒకేచోట ఉండేది. యజమానికి ఆ సంగతి తెలుసు. "ముల్లు కదలకపోతే అంతా బాగున్నట్టేరా," అనేవాడు. ఒకనాడు ఆవిరి గొట్టం పగిలింది. నా కనుబొమలు మళ్లీ మొలిచాయి గాని, ఆ మాట మీద కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

పెద్ద మెషీన్‌కు బట్టల డ్రయర్‌కుండేలాంటి లావు ప్లగ్గు కావాలి. లాండ్రీ గదిలోకి బీరు వాసన రానివ్వనని ఇంట్లో ముందే హెచ్చరిక ఉంది. అందుకని మామూలు ప్లగ్గుతో నడిచే చిన్నది తెచ్చాను. నీళ్లు వేడెక్కడానికి గంటకు పైనే పట్టింది. ఈ ఆలస్యం సంగతి కూడా గడ్డం ఆయన చెప్పలేదు.

అయిదు కిలోల మాల్ట్ పోశాను. పెట్టె మీద అరవై ఏడు డిగ్రీలు వెలిగింది. పదిహేడేళ్లుగా నాతో ఉన్న నా ముల్లు థర్మామీటర్‌ను గింజల్లో గుచ్చాను. అరవై రెండు!

"చూశావా?" అని గరాజ్ తలుపు దగ్గర నిలబడి కేకేశాను. "అయిదు డిగ్రీలు బొంకింది! దీన్ని ఇవాళే వెనక్కిచ్చేస్తాను!"

మా ఆవిడ టీ కప్పుతో వచ్చింది. రెండింటినీ చూసింది. "ఏది బొంకిందో మీకెలా తెలుసండీ?"

"నా థర్మామీటర్ నాకు తెలియదా?"

"మీ మిల్లు యజమాని కూడా ఇలాగే అనుంటాడు."

లోపలికెళ్లి కెటిల్ పట్టుకొచ్చింది. గరాజ్‌లోనే ప్లగ్గు పెట్టి, నీళ్లు కుతకుతలాడుతుండగా మూత తీసి పట్టుకుంది. నా ముల్లును అందులో ముంచాను. మరిగే నీళ్లకు నా మొహం చూసి మొహమాటపడాల్సిన పని లేదు. వంద చూపాల్సిన ముల్లు తొంభై అయిదు దగ్గర ఆగింది. వేలితో తట్టాను. అక్కడే ఉంది.

ఆవిడ కెటిల్ ప్లగ్గు పీకి మూత పెట్టేసింది.

పదిహేడేళ్లుగా నా బీరు పానకంలా తియ్యగా మిగిలేది. ముల్లు తక్కువ చూపిస్తుంటే నేను నీళ్లు ఎక్కువ కాస్తూ వచ్చాను. నీళ్లు మరీ వేడైతే చక్కెరలో కొంత ఈస్ట్‌కు కొరుకుడుపడదు, తీపి అలాగే ఉండిపోతుంది. నేనేమో మాల్ట్ అమ్మినవాడు ముక్కిపోయిన సరుకు అంటగడుతున్నాడని రెండు పేజీల ఉత్తరం రాసి, అతని దుకాణం గడప తొక్కడం మానేశాను. ఆ ఉత్తరం నకలు ఇప్పటికీ నా సొరుగులో ఉంది. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు, అతని మీద మోపిన నేరం తప్ప.

మరి ఇప్పుడు ఎవరిని నమ్మాలి? నాది బొంకిందని రుజువైతే అవతలిది నిజం పలికినట్టేనా? ఇద్దరు అబద్ధాలకోరులు ఉండకూడదా?

గంట గడిచింది. గంజి చక్కెరైందో లేదో తేల్చేవాళ్లు కావాలి. మా ఆవిడ జీవితమంతా నేత చీరలకు గంజి పెట్టిన మనిషి.

"ఒక్కసారి వేళ్లతో చూడు," అన్నాను.

"నేను సారా ముట్టుకోను."

"ఇంకా సారా కాలేదే! ఇప్పటికిది బార్లీ నీళ్లు."

గరిటెలోది చల్లార్చి ముందు పెట్టాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసింది. విడదీసింది. మళ్లీ రాసింది.

"గంజి జిగట వేరు, పాకం జిగట వేరు," అంది. "గంజి అయితే జారుతూ సాగుతుంది. ఇది పట్టుకుంటోంది. మీ గంజి పోయింది." ఆ మాట అనేసి వేళ్లను ట్యాప్ కింద రెండుసార్లు కడుక్కుంది.

అంటే మెషీన్ నిజమే చెప్పింది. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

ఇక బుట్ట పైకి తీసి, తీపి నీళ్లు కారనిచ్చి, పీపాను మరుగు పెట్టాలి. పిడి పట్టుకుని లాగాను. జానెడు లేచింది, భుజం కలుక్కుమంది, వదిలేశాను. అయిదు కిలోల గింజలు తాగినన్ని నీళ్లు తాగి కూర్చున్నాయి. అన్నీ అదే చేస్తుందన్నారు కదా! ఎత్తడం మాత్రం మనిషిదేనట. నేను చెప్పలేదూ, లేనిదాని గురించి నోరెత్తరని!

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. ఎత్తే పని ఉంటే మానేయాలన్నది మా ఒప్పందం. ఆవిడ చూపు మూల బోర్లించిన పాత గుండిగ మీదికి పోయింది.

ఆవిడ స్వెటర్ చేతులు మోచేతుల దాకా మడిచి అవతలి పక్కకొచ్చింది.

"ఒకటి, రెండు, మూడు అంటాను. మూడుకు ఎత్తండి. మీ ఇష్టమొచ్చినప్పుడు కాదు."

ఎత్తాం. బుట్ట అంచు మీద కూర్చుంది. తీపి నీరు ధారగా కిందికి కారింది, కొంత ఆవిడ స్వెటర్ మీద పడింది.

"ఆదివారం చర్చిలో ఎవరైనా వాసనేమిటని అడిగితే మీ పేరే చెబుతాను."

"చెప్పుకో. ఇంతకీ వచ్చే నెల ఖాళీయేనా?"

"ఏ శనివారం?" అంది, మరకను గోటితో గీకుతూ.