నాలుగో చక్రం బాపుది

మా భజన సమాజం వాళ్లు ఈ మధ్య అన్నీ ఫోన్‌లోకి ఎక్కించారు. అర్చన కావాలన్నా, అన్నదానానికి పేరు రాయించుకోవాలన్నా, చివరికి శనివారం భజన ఎన్ని గంటలకో తెలుసుకోవాలన్నా అందులోకి వెళ్లాల్సిందే. వెళ్లాలంటే పాస్‌వర్డ్ కావాలి. అందులో ఒక పెద్దక్షరం ఉండాలట, ఒక అంకె ఉండాలట, ఒక చుక్కో గీతో కూడా ఉండాలట. పోయినసారి పెట్టింది మళ్లీ పెట్టకూడదట. రాముడి దగ్గరికి పోవడానికి ఇంత తతంగం ఎందుకో నాకు అర్థం కాదు. మొన్న నవమి ముందు అర్చన కోసం కూర్చుని, కొట్టిందల్లా తప్పంటుంటే ఒళ్లు మండి ఫోన్‌ను మంచం మీదికి విసిరేశాను.

మా మనవరాలు తీసి చూసి నవ్వింది. "మర్చిపోయారా అని అడుగుతోంది కదా అమ్మమ్మా, దాని మీద నొక్కితే అయిపోతుంది" అంది.

నాకు కోపం వచ్చేది అక్కడే. మర్చిపోయారా అని అలా మొహం మీద అడిగేస్తుంది. మా బాపును, అంటే మా నాన్నను, ఆ మాట ఎవరూ అడగలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. వరంగల్లో మాది మగ్గాల వాడ. బాపు జంపఖానాలు నేసేవాడు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల భజన మందిరం ఉండేది. మందిరమంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల కప్పు, సున్నం గోడలు, ఒక రాముడి పటం, ఒక టేకు పెట్టె, అంతే. ఆ పెట్టెలోనే హార్మోనియం, డోలక్, చిడతలు, పండుగ ఊరేగింపులో దేవుడికి పట్టే చిన్న వెండి గొడుగు పెట్టేవాళ్లు.

పెట్టె తాళంచెవి మొదట్లో హార్మోనియం మామ మొలతాడుకు ఉండేది. హార్మోనియం వాయించేది ఆయనే కాబట్టి వాడంతా ఆయన్ని అలాగే పిలిచేది. అమ్మకు వరసకు అన్న అవుతాడు. ఆయన గొంతు ఎంత తియ్యనో నోరు అంత కారం. ముక్కు మీద కోపం. అలాంటి మనిషి పెట్టె తెరిచిన ఒక శనివారం, అందులో వెండి గొడుగు కనపడలేదు. ఆయన్ని దొంగ అని ఎవరూ అనలేదు. "చెవి ఎవలి దగ్గరుంటది?" అని మాత్రం వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ ఒక్క మాటకు మామ మొహం నల్లబడిపోయింది. మొలతాడు నుంచి చెవి తెంపి రాముడి ముందు పడేసి ఇంటికి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒక రైతు వచ్చాడు. తమ ఊరికి భజనకు వచ్చినప్పుడు మర్చిపోయి వెళ్లారంటూ, పంచెలో చుట్టిన గొడుగు ఇచ్చి పోయాడు. అందరికీ తల కొట్టేసినట్టయింది. కట్టగట్టుకుని మామ ఇంటికి పోయారు. ఆయన మగ్గం ఆపలేదు, తల ఎత్తలేదు.

"మల్ల ఏదన్న పోతది. మల్ల నన్నే అంటరు. నేను రాను, పోండ్రి" అన్నాడు.

ఆయన లేని భజన ఉప్పు లేని పప్పులా తయారైంది. అప్పుడు బాపు ఒక ఉపాయం ఆలోచించాడు. భీవండి పవర్‌లూములలో కొన్నాళ్లు పనిచేసి వచ్చిన చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, అక్కడి నుంచి చెవి లేని తాళం ఒకటి తెచ్చాడు. దానికి నాలుగు ఇత్తడి చక్రాలు. ఒక్కో చక్రం మీద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు. మనకు కావలసిన నంబరు మనమే పెట్టుకోవచ్చు. ఆ నంబరును నలుగురికి పంచాలన్నాడు బాపు. మామకు ఒక అంకె, డోలక్ వాయించే తాతకు ఒకటి, చిన్నబాపుకు ఒకటి, తనకు ఒకటి. ఎవరి అంకె వాళ్లకే తెలియాలి, భార్యకు కూడా చెప్పకూడదు.

ఆ మాట చెప్పడానికి బాపు మామ ఇంటి అరుగు మీద పొద్దంతా కూర్చున్నాడు. "నలుగురం కలిస్తెనే తెరుసుకుంటది బావా. ఒక్కడు తియ్యలేడు. ఇగ ఒక్కన్ని అనేటట్టు కూడ ఉండది" అన్నాడు. చివరికి మామ కండువా భుజాన వేసుకుని బయటికి వచ్చాడు.

అలా మొదలైన పద్ధతి కొన్నాళ్లకే ఆచారమైపోయింది. పెట్టె తెరిచేటప్పుడు మామ ఒక పాట ఎత్తుకునేవాడు. ఆయనే కట్టిన రాముడి పాట. వాద్యాలన్నీ ఇంకా పెట్టెలోనే ఉంటాయి కాబట్టి అందరూ చప్పట్లతో పాడేవాళ్లు. దాన్ని పెట్టె పాట అనేవాళ్లం. చక్రం తిప్పే మనిషి ఒక్కడే పెట్టె దగ్గర కూర్చుంటాడు. మిగిలినవాళ్లంతా అటు తిరిగి పటం వైపు చూస్తూ పాడాలి. తన అంకె పెట్టాక ఆ చక్రం మీద పసుపు గుడ్డ చుట్టి లేస్తాడు, ఇంకొకడు వచ్చి కూర్చుంటాడు. చివరి చక్రం బాపుది. ఆయన తాళం ఊడదీసి "అయింది" అంటే పాట ఆగేది, అందరూ ఇటు తిరిగేవాళ్లు. ఒకరి చక్రం మీద ఇంకొకరు వేలు పెట్టకూడదని దేవుడి ముందు ఒట్టు వేసుకున్నారు.

నేను పదో తరగతిలో ఉండగా, ఆ చలికాలం పోతుండగా, బాపు మగ్గం మీదనే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతమన్నారు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏదో చెప్పాలని గొంతు పెగుల్చుకునేవాడు, శబ్దమే తప్ప మాట వచ్చేది కాదు. మనుషులను గుర్తుపట్టేవాడు. కానీ అమ్మ నూలు కండెలు ముందు పోసి ఎన్ని ఉన్నాయో వేళ్లతో చూపమంటే, తెల్లబోయి మా ఇద్దరి మొహాలు చూసేవాడు. పోగుల లెక్కంతా తలలో పెట్టుకుని పులుల బొమ్మలు నేసిన మనిషి. నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

శనివారాలు వచ్చి పోయాయి. మందిరంలో పెట్టె మూసే ఉంది, ఉత్త చప్పట్లతో భజన సాగింది. నవమికి ఇక నెలన్నరే ఉంది, ఊరేగింపుకు గొడుగు కావాలి. ఒక సాయంత్రం ముగ్గురూ మా అరుగు మీద కూర్చున్నారు. లోపల మంచం మీద బాపుకు అన్నీ వినపడుతున్నాయి.

"తాళం తెచ్చింది నేనే, నేనే కోస్త. వేరే తాళం పెడదాం, అన్న బదులు ఇంకొకలను తీసుకుందాం. ఎన్నొద్దులు ఆగుతం?" అన్నాడు చిన్నబాపు. ఆయన చెడ్డవాడు కాదు, అన్న మీద ప్రేమ లేకా కాదు. జరగాల్సిన పని చెప్పాడు.

చదివేవాళ్లకు ఈపాటికి తట్టే ఉంటుంది. మూడు అంకెలు తెలిసినప్పుడు నాలుగోది ఎంతసేపు? చక్రం మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే తిప్పి చూస్తే ఎక్కడో ఒకచోట ఊడొస్తుంది. అమ్మకు కూడా అదే తట్టింది. గడపలో నిలబడి మెల్లగా అంది.

మామ అంతెత్తున లేచాడు. "బావ చక్రం మీద నా ఏలు పెట్టాల్నా చెల్లె? దొంగతనమంటె ఇంకేముంటదే? మనిషి బతికున్నడు, ఆయన చక్రం ఆయనది. కోసేది లేదు, ఇంకొకలను తెచ్చేది లేదు. పెట్టెనే ఈడికి తెస్తం!"

లోపలికి చూశాను. బాపు కళ్లు మూసుకున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. దుఃఖంతో కాదని నాకు తెలుసు. వాడలో ఆయనకు ఇంకా ఒక చోటు ఉంది. మగ్గం పోయింది, మాట పోయింది, ఆ ఇత్తడి చక్రం ఒక్కటే మిగిలింది. అది కూడా పోతే మా బాపు మంచానికి అతుక్కుపోయేవాడు.

ఆ శనివారం పెట్టెను నెత్తిన పెట్టుకుని మా ఇంటికి మోసుకొచ్చారు. ముగ్గురూ తమ చక్రాలు తిప్పి, గుడ్డ చుట్టి, గోడకు తగిలించిన రాముడి పటం వైపు తిరిగారు. బాపుకు ఒక చెయ్యే ఆడుతుంది. తాళం పట్టుకునేదెవరు? మామ నా వైపు వేలు చూపించాడు. "నువ్వు పట్టుకో కోడలా. కండ్లు మూసుకోవాలె. తెరిస్తె దేవుడు సూస్తడు, నేను గూడ సూస్త!" అన్నాడు.

గట్టిగా కళ్లు మూసుకుని తాళం పట్టుకున్నాను. పెట్టె పాట మొదలైంది. బాపు ఎడమ వేలు నా వేళ్లకు తగిలింది. టిక్కుమని చక్రం కదిలింది. కొక్కేన్ని ఒకసారి గుంజాడు. రాలేదు. మళ్లీ టిక్కు, మళ్లీ గుంజుడు. మళ్లీ.

బాపుకు అంకె గుర్తు లేదు. కళ్లు మూసుకున్నా, చేతికి తెలిసిపోయింది. ఒక్కొక్కటే వెతుకుతున్నాడు. చివరికి తాళం ఊడింది. "అయింది" అనలేడు కాబట్టి నా మోకాలి మీద తట్టాడు, నేను "అయింది" అన్నాను. అందరూ సంతోషంగా ఇటు తిరిగారు. డోలక్ తాత బాపు తల నిమిరాడు.

ఆ వారమంతా నాకు అదే ఫికర్. వీళ్లకు తెలిస్తే? అంకె మరిచినవాడికి చక్రమెందుకు అంటే? వచ్చే శనివారానికైనా గుర్తుంటుందేమో అనుకున్నాను. ఉండలేదు. మళ్లీ టిక్కు, మళ్లీ గుంజుడు. పాట ఆగిపోయి నిశ్శబ్దం వస్తే ఆ గుంజుళ్లన్నీ బయటికి వినపడిపోతాయి. త్వరగా బాపూ, త్వరగా అని లోపల్లోపల మొక్కుకునేదాన్ని.

పాట మాత్రం ఎప్పుడూ ముందుగా ఆగలేదు. నాకది తెలిసిరావడానికి కొన్ని శనివారాలు పట్టింది. ఒకరోజు బాపు వేలు చెమటకు జారిపోతోంది, పాట చివరి చరణానికి వచ్చేసింది. మామ దాన్ని పూర్తి చేసి మళ్లీ మొదటికి ఎత్తుకున్నాడు. మళ్లీ అయిపోయింది, మళ్లీ ఎత్తుకున్నాడు. డోలక్ తాత దమ్ము అందక, దగ్గు వచ్చి ఆగిపోయాడు.

"చప్పట్లు ఆపకు! జర గట్టిగ కొట్టు!" అని అరిచాడు మామ. గొంతును బట్టి ఇటు తిరగలేదని తెలిసింది.

ఆయన గొంతు మామూలు కంటే రెట్టింపు లేచింది. కొక్కెం గుంజే చప్పుడు నాకే వినపడనంతగా లేచింది. మూసిన నా కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి.

ఆ రోజు అందరూ వెళ్లాక అమ్మతో చెప్పాను, వాళ్లకు తెలిసిపోయిందని. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తకుండా నవ్వింది.

"నీకు ఇయ్యాల తెలిసిందా? మీ మామకు మొదటి వారమే ఎరుకైంది. నిన్న బావి కాడ అడుగుతాండు, పాటకు ఇంకో రెండు చరణాలు కట్టాల్నా చెల్లె, బావకు సాలుతయా అని."

"బాపుకు తెలుసా, వాళ్లకు తెలుసని?"

"ఏమో బిడ్డా. నువ్వు మాత్రం అడగకు" అంది.

మామ నిజంగానే కట్టాడు. మగ్గం ఆడిస్తూ కట్టాడట. రాముడు అడవిలో తిరిగిన ఒక్కో చోటును ఒక్కో చరణం చేసి, మా పక్కనున్న ములుగు అడవుల మీదుగా కూడా ఆయన్ని తిప్పేశాడు. పాట పెరుగుతూ పోయింది. బాపు గుంజుళ్లు మాత్రం మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చాయి. అమ్మ రోజూ కండెలు ముందు పోసి కూర్చునేది. ఒక పొద్దున బాపు మూడు కండెలకు మూడు వేళ్లు చూపించాడు. అమ్మ ఆ రోజు పాయసం వండింది.

నవమి ముందురోజు పెట్టె మా ఇంటికి వచ్చింది. గొడుగు తీసి తోమాలి కాబట్టి వాడలో సగం మంది మా వాకిట్లోనే ఉన్నారు. ముగ్గురి వంతులు అయ్యాయి. అందరూ పటం వైపు తిరిగారు. మామ గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. ఆ రోజు ఎంత జనం ఉన్నారో చూసి, బావ తడబడతాడేమోనని కాబోలు, చాలా నిదానంగా, ఒక్కో మాట సాగదీసి మొదలుపెట్టాడు. నేను కళ్లు మూసుకుని తాళం పట్టుకున్నాను.

టిక్కు, టిక్కు, టిక్కు. ఈసారి నడుమ గుంజుడు లేదు. చక్రం తిన్నగా తిరిగి ఒకచోట ఆగింది. బాపు ఒక్కసారి గుంజాడు. కొక్కెం ఊడి నా చేతిలోకి వచ్చింది.

మామ ఇంకా మొదటి చరణంలోనే ఉన్నాడు. నేను కళ్లు తెరిచి, చెప్పడానికి నోరు విప్పబోయాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మొహమంతా ఎర్రబడేలా గొంతు పెగుల్చుకున్నాడు.

"అ... యిం... ది."

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరూ ఇటు తిరగలేదు. తిరగడానికి ధైర్యం చాలలేదనుకుంటాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ వీపు ఒకసారి కదిలింది. ఆయన పటం వైపే చూస్తూ, ఎప్పటి కారపు గొంతుతోనే కసిరాడు.

"అయితె జర ఆగు బావా! కొత్త చరణాలు కట్టిన, అవి ఎవలు పాడాలె?"

బాపు ఆగాడు. ఊడిన తాళం ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో తొడ మీద దరువు వేస్తూ, మామ కట్టినవన్నీ చివరిదాకా విన్నాడు.