మఖమల్ గుడ్డ కింద పులి

పాతికేళ్లుగా దీన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ రోజు మీకు చెప్పేస్తాను. చెబుతున్నాననగానే గుండె దడదడలాడుతోంది. భయంతో కాదు, సంతోషంతో అంటే నమ్ముతారా? నేను మొదటినుంచీ ఇంతే. ముందు ఎగిరి గంతేస్తాను, ఆలోచన తర్వాత వస్తుంది. ఆ తప్పు కూడా అలా గంతేసినప్పుడు చేసిందే.

తొంభైల చివర్లో హిందూపురంలో ఓబులేసు మేస్త్రి దగ్గర వడ్రంగి పని చేసేవాణ్ణి. ఆయనది పెనుకొండ. నాకు ఉలి పట్టడం నేర్పింది ఆయనే. అప్పట్లో ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంటికి పెద్ద బీరువా ఒప్పుకున్నాం. తలుపులకు బయట టేకు వెనీర్, లోపల చీరలు చిక్కుకోకుండా ఎర్ర మఖమల్ గుడ్డ. వెనీర్ అంటే టేకును అప్పడంకన్నా పలచగా కోసిన పొర. జిగురు ఆరేటప్పుడు అది ముడుచుకుని, పలకను తనవైపు లాగుతుంది. ఒక పక్కే అంటిస్తే తలుపు వంగుతుంది, ఒక పక్కే కాల్చిన రొట్టె అంచులు లేచినట్టు. అందుకే కనపడని పక్కకూ అంటించాలి. "ముందర ఎంతో ఎనకా అంతే" అనేవాడు మేస్త్రి. జిగురు మాత్రం ఎవరినీ కలపనిచ్చేవాడు కాదు. ఆయన జిగురుకు ఊళ్లో అంత పేరు.

ఆ రోజు జిగురు కలిపి నా చేతికిచ్చి, కొలతలు చూసుకోవడానికి ధర్మవరం పోయాడు. నేను పొరల కట్ట విప్పాను. అబ్బ, ఏం చెప్పమంటారు! రెండు పొరలను పుస్తకంలా తెరిచి పక్కపక్కన పెట్టానో లేదో, పులి మొహం! ఈ పొరలో ఒక కన్ను, ఆ పొరలో ఒక కన్ను, నన్నే చూస్తోంది. కేక పెట్టాను, నిజంగా కేకే. రెండు తలుపుల ముందు పక్కకు నాలుగు పొరలు పోయాయి. వెనక పక్కకని ఉంచిన నాలుగింటినీ తెరిచి చూస్తే వాటిలోనూ పులే. ప్రాణం ఒప్పలేదు. ఇంత పులిని తీసుకెళ్లి గుడ్డ కింద పూడ్చాలా? వెనక పక్కకు ఏదో ఒక చౌక పొర అంటించినా సరిపోతుందని నాకు తెలియదా? తెలుసు. దానికోసం బెంగళూరు పోయి రావాలి, అంతవరకు ఆగాలి. ఆగడమే నాకు చేతకాదు. నాలుగు పొరలూ దాచేసి, ఉత్త చెక్క మీదే మఖమల్ అంటించేశాను.

మేస్త్రి తిరిగొచ్చి అడిగాడు.

"ఎనకపక్క గూడా అంటించినావా అబ్బీ?"

"అంటించినానన్నా."

ఎండాకాలం వచ్చేసరికి ధర్మవరం నుంచి కబురొచ్చింది. ఇద్దరం పోయాం. తలుపుల మూలలు బయటికి లేచి, బీరువా నోరు తెరుచుకుని ఉంది. గుడ్డ పీకి వెనక ఏముందో చూద్దామన్నాడు వ్యాపారి. మేస్త్రి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సామీ. మావోడు అంటించినానని చెప్పినాడు గదా. నా జిగురులోనే నీళ్లెక్కువైండాయి" అన్నాడు.

అప్పుడు నాకేమనిపించిందో చెప్పనా? సంతోషమేసింది. బతికిపోయానని లోపల గంతులేశాను. ఆయన అంత మాట తన మీద వేసుకుంటుంటే పక్కన నిలబడి గంతులేసినవాణ్ణి నేను ఏం మనిషిని? ఈ ప్రశ్న ఆ రోజు రాలేదు. చాలా ఏళ్లకు వచ్చింది, వచ్చాక పోలేదు.

మేస్త్రి మళ్లీ జిగురు ముట్టలేదు. పెనుకొండ వెళ్లిపోయి, జిగురు అవసరం లేని ద్వారబంధాలు చేసుకుంటున్నాడు. నేనేమో దాచిన పొరలతో చిన్న అలమర చేసి, హిందూపురంలో నా సొంత అంగడి ముందర పెట్టాను. పులిని చూడటానికి జనం ఆగేవాళ్లు. నా పేరు ఆ పులితోనే లేచింది.

ఒకసారి మేస్త్రి వచ్చాడు. పులి కళ్ల మీద చాలాసేపు వేళ్లు ఆడించాడు. తర్వాత తలుపు తెరిచి, వెనక పక్క తడిమి చూశాడు. అక్కడ చౌక వెనీర్ శుభ్రంగా అంటించి ఉంది.

"ఎనక గూడా ఏసినావే. మంచిది" అని, టీ కూడా తాగకుండా బస్సెక్కాడు.

ఆయన కొన్న కట్టను ఆయన గుర్తుపట్టడా? గుర్తుపట్టే అలా అన్నాడా, లేక నిజంగానే మెచ్చుకున్నాడా? అడిగితే తెలుస్తుంది. పెనుకొండ ఎంత దూరం, బస్సెక్కితే గంట. ఇన్నేళ్లలో ఆ గంట నాకు దొరకలేదని మీతో అబద్ధం చెప్పను.

ఆయన ఆ రోజు అడిగిన మాటకు జవాబు ఇదిగో, మొదటిసారి నా చేత్తో రాస్తున్నాను. రాస్తుంటే ఒళ్లంతా తేలికవుతోంది, చూడండి.

అంటించలేదన్నా. నీ జిగురు మంచిదే.