కువబారా మాస్టారికి తెలీదు

మా కువబారా మాస్టారికి ఏమీ తెలీదు. హైస్కూల్లో మొక్కల పాఠం చెప్పేది ఆయనే. అయినా గడ్డిపోచ చూపించి పేరడిగితే బట్టతల తడుముకుని "తెలీదే!" అనేవారు.

స్కూలు వెనక గుట్టే ఆయన తరగతి గది. శనివారం వస్తే పిల్లలంతా రంపాలు పట్టుకుని పైకెక్కి, అడవిని మింగేస్తున్న వెదుళ్లు నరికేవారు. దారి మా ఇంటి ముందునుంచే. మా ఆయన షిగెమిత్సు నలభయ్యేళ్లు ఆ గుట్టమీదే బొగ్గులు కాల్చాడు. ఆ వసంతంలోనే పోయాడు. నేను తలుపులు వేసుకుని కూర్చున్నాను.

ఓ శనివారం చినాత్సు అనే పిల్ల తలుపు తట్టింది. చేతిలో ముళ్లతీగ.

"మామ్మగారూ, ఇదేమిటండీ?"

"మీ మాస్టార్నడుగు."

"అడిగామండీ. తెలీదట. మిమ్మల్నడగమన్నారు."

"మొక్కల మాస్టారికి తెలీదా?"

"ఏమీ తెలీదండీ, పాపం."

"అది అత్తగారి చెయ్యి. తగిలితే గీరుతుంది" అని తలుపు వేసుకున్నాను.

పై వారం ఏడు మొక్కలొచ్చాయి. ఆ పై వారం ఇరవై. మాటిమాటికీ తలుపు తీయలేక తెరిచే ఉంచాను. వచ్చినవాళ్లని ఊరికే పంపలేక టీ కాచాను, ఉప్పులో ఊరేసిన రేగుపండు పెట్టి అన్నం ముద్దలు చేశాను. చివరికి నేనే గుట్టెక్కాను. చదువు లేని నేను చెబుతుంటే మాస్టారు నోరు తెరుచుకుని వినేవారు. ఈయనకి ఉద్యోగం ఎవరిచ్చారా అనుకునేదాన్ని.

ఓరోజు వెదురాకు పట్టుకుని "తెలీదే!" అన్నారు.

"మాస్టారూ! పొద్దుట్నుంచీ మనం నరుకుతున్నది అదేనండీ!" అంది చినాత్సు.

"ఓహో. ఎందుకైనా మంచిది, మామ్మగార్ని అడిగిరా."

ఆకురాలు కాలంలో కబురొచ్చింది. విద్యాకార్యాలయం నుంచి ఇసోగాయిగారు చూడ్డానికొస్తారట. ఇది తరగతి గది అని ఒప్పుకోకపోతే గుట్ట చదును చేసి టెన్నిస్ కోర్టు కట్టేస్తారట. పిల్లలు రెండు రాత్రులు నిద్ర మాని, వెదురు బద్దలమీద కుంచెతో ముప్ఫైరెండు పేర్లు రాసి మొక్కల పక్కన పాతారు.

ఇసోగాయిగారు మొదటి బద్ద దగ్గరే ఆగిపోయారు.

"అత్తగారి చెయ్యి! ఇది ఏ పుస్తకంలో ఉంది?"

నాకప్పుడు వెలిగింది. అవన్నీ మా ఆయన నన్ను నవ్వించడానికి పెట్టిన పేర్లు! నలభయ్యేళ్లు వినీవినీ అసలు పేర్లే అనుకున్నాను. నా మూలాన పిల్లల గుట్ట పోతోంది!

"మాస్టారూ, దీని అసలు పేరేమిటి?" అన్నారాయన. అయిపోయిందనుకున్నాను.

మాస్టారు బట్టతల తడుముకున్నారు. "సవతిబిడ్డ ముడ్డి తుడుపండీ."

"ఏమిటీ?!"

"పుస్తకంలో పేరదేనండీ. ఆ పక్కది పిత్తు పెంట తీగ. మిగతావీ చెప్పమంటారా?" అని ముప్ఫై మొక్కల పేర్లూ, పూసే నెలలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పారు.

ఇసోగాయిగారి చెవులు ఎర్రబడ్డాయి. చినాత్సు వైపు తిరిగారు. "అత్తగారి చెయ్యి అని ఎందుకన్నారమ్మా?"

"ముళ్లు చూడండి, కిందికి వంగి ఉన్నాయి. వాటితోనే పక్క మొక్కని పట్టుకుని పైకి పాకుతుందండీ. పట్టిందంటే వదలదు."

ఆయన వంగి, వేలితో తాకి, "అబ్బా!" అన్నారు. కాసేపు అలాగే చూసి, "తరగతే. బద్దలు మాత్రం మార్చకండి. ఈ పేర్లే మర్యాదగా ఉన్నాయి" అన్నారు.

ఆయన వెళ్లగానే మాస్టారికి టీ పోసి నేను అందుకున్నాను. "అన్నీ తెలుసన్నమాట!"

"మీ ఆయన పెట్టిన పేర్లు నిజంగా తెలీదండీ, అక్కయ్యగారూ. అడిగితే 'మా ఆవిడ దగ్గరున్నాయి' అనేవారు. అవి తలుపుల వెనకే ఉండిపోతాయేమోనని..."

"మరి వెదురు?"

ఆయన దొరికిపోయి, గబగబా టీ కప్పులోకి తొంగిచూశారు. "అక్కయ్యగారూ, ఇది ఏ ఆకండీ?"

నేను తల తడుముకున్నాను.

"తెలీదే!"