కొబ్బరినీళ్లు పోసిన చెయ్యి

ఎండకు కాగిన సిమెంటు నేల మీద కొబ్బరికాయ కొడితే తియ్యటి వాసన ఒకటి లేస్తుంది. అందరికీ అది పండగ వాసన. నాకు మాత్రం అది ముక్కుకు తగిలితే ఒళ్లు మండుతుంది. ఈ రోజు ఆయుధపూజ. కర్నూలులో నేను పనిచేసే ఆసుపత్రి షెడ్డులో నాలుగు బ్యాటరీ బండ్లనూ కడిగి, బంతిపూల దండలు వేసి, వరుసగా నిలబెట్టారు. డబ్బున్నవాళ్లు గోల్ఫ్ ఆడే చోట తిరిగే బండ్లే ఇవి. మా దగ్గర మాత్రం గేటు ముందు దిగిన రోగులను లోపలి బ్లాకుల దాకా మోస్తాయి. తొమ్మిదేళ్లుగా వాటిని నడుపుతున్నాను. నడపడం అమ్మినవాళ్లు ఒక్క పూటలో నేర్పి వెళ్లిపోయారు. కదలకుండా మొండికేసినప్పుడు ఏం చేయాలో నేర్పింది మహబూబ్ బాషా మేస్త్రీ. ఆయన గురించి రాయాలంటే నా మీద నాకున్న కోపం గురించి కూడా రాయక తప్పదు.

ఆయనకు పాతబస్తీలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే చిన్న షెడ్డు ఉండేది. చుట్టుపక్కల రైతుల బోరు మోటార్లన్నీ అక్కడికే వచ్చేవి. మా బండ్లను నెలకోసారి చూసిపోవడానికి ఆసుపత్రివాళ్లు ఆయనను పెట్టుకున్నారు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, ముక్కు మీద కోపం. నేను చేరిన మొదటి నెలలోనే ఒక పొద్దున బండి కదలలేదు. పెడల్ తొక్కీ తొక్కీ విసుగొచ్చి టైరును ఒక్క తన్ను తన్నాను. సరిగ్గా అప్పుడే ఆయన స్కూటరు దిగాడు.

"ఏమ్మే, బర్రె అనుకున్నావా, తంతే లేచేదానికి? ఎక్కి కూచో. తాళం తిప్పి కాలు పెట్టు. ఏమన్నా ఇనబడిందా?"

"ఏమీ ఇనబడలేదన్నా."

ఆయన బండి వెనక్కి నడిచి, గోడకున్న చార్జరు వైరును బండిలోంచి పీకి నా ముందు పట్టుకున్నాడు. చార్జరు తగిలించి ఉంటే బండి కదలదు, దాన్ని అట్లాగే తయారు చేశారు. అంత చిన్న సంగతి నాకు తెలియదు. ఆసుపత్రిలో నా నోరంటే అందరికీ భయం, క్యాంటీను వాళ్ల నుంచి సెక్యూరిటీ వాళ్ల దాకా ఎవరినీ వదిలేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం తల దించుకున్నాను.

తిడుతూనే నేర్పాడు. మొదట చార్జరు, తర్వాత సీటు కింద స్విచ్చు, తాళం, ముందుకూ వెనక్కూ మార్చే లివరు, చివరకు పెడల్. తొక్కినప్పుడు సీటు కింద టక్ మని చప్పుడు రావాలి. వచ్చిందంటే అక్కడిదాకా అంతా బాగున్నట్టు, జబ్బు ఆ తర్వాత ఎక్కడో ఉన్నట్టు. ఒకసారి మీటరు పెట్టి చూసి, "కరెంటు నిండుగా ఉందన్నా, బ్యాటరీలు బాగున్నాయి" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది.

"ఊరికే నిలబడినప్పుడు అన్నీ బాగానే చూపిస్తాయి మే. కాలు పెట్టి, బరువు పడినప్పుడు చూడాల. అప్పుడు నిలబడిందే బ్యాటరీ."

ఏ బండి ఆగినా పనిముట్టు బయటికి తీయకముందే ఆయన ఒక ప్రశ్న అడిగేవాడు. "ఆఖరున దీన్ని ముట్టుకున్నది ఎవరు?" దానికి జవాబు వచ్చేదాకా చెయ్యి వేసేవాడు కాదు. చేసింది చేసినట్టు చెబితే సగం పని అయిపోయినట్టేనని ఆయన లెక్క. "చెప్పినోళ్లను నేను తిట్టను. దాచినోళ్లను వదలను" అనేవాడు. నిజంగానే తిట్టేవాడు కాదు. ఒకసారి బండి కడుగుతూ స్విచ్చు మీద నీళ్లు కొట్టానని ఒప్పుకుంటే, నవ్వి, గుడ్డ చేతికిచ్చి, టీ తెప్పించాడు. సీటు కింద మాత్రం చుక్క నీరు పడకూడదని ఆ రోజే గట్టిగా చెప్పాడు.

ఆరేళ్ల కిందటి ఆయుధపూజ అది. ఆసుపత్రి పాలన చూసే అప్పటి ఏఓ సారుకు భక్తి ఎక్కువ. బండి ముందు కాయ కొట్టబోతుంటే ఆపి, "దీనికి ప్రాణం బ్యాటరీలే కదమ్మా, పూజ వాటికే చెయ్యాలి" అన్నాడు. నేను సీటు ఎత్తాను. ప్రతి బ్యాటరీకీ, దాని మీద వైర్లు బిగించే కొనలకూ పసుపు రాసి కుంకుమ పెట్టాను. కొబ్బరినీళ్లు వాటి మీదనే పోశాను. మేస్త్రీ మాట గుర్తు లేక కాదు. దేవుడి పని కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. అందరూ వెళ్లాక తుడుద్దామని గుడ్డ తీసుకున్నాను కూడా. పూజ చేసిన బొట్టు చేతులారా తుడవకూడదని మనసు ఒప్పక, సీటు దించేశాను.

రెండు వారాలకు, మిట్టమధ్యాహ్నం, గేటు నుంచి లోపలికి ఎక్కే ఏటవాలు దారిలో బండి ఆగిపోయింది. వెనక సీట్లో పత్తికొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, పక్కన ఆమె కొడుకు. చక్కెర జబ్బుతో కాలికి పుండు పడి, పెద్ద కట్టు కట్టి ఉంది. పెడల్ తొక్కితే టక్ మంటోంది, బండి మాత్రం కదలడం లేదు. కాసేపు చూసి ఆ కొడుకు తల్లిని వీపున వేసుకుని ఎండలో నడిచాడు. ఆ సమయానికే ఆసుపత్రి చూడటానికి పెద్దమనుషులు ఎవరో వచ్చారు, ఏఓ సారు వాళ్ల ముందు మాట పడ్డాడు.

మేస్త్రీని పిలిపించారు. ఆయన మీటరు పెట్టాడు, నిండుగా చూపించింది. నన్ను పెడల్ తొక్కమన్నాడు, ముల్లు బొక్కబోర్లా పడింది. సీటు ఎత్తి వంగి చూశాడు. బ్యాటరీ కొనల చుట్టూ పచ్చగా, తెల్లగా చిలుము పేరుకుపోయి ఉంది, దాని మధ్యలో నేను పెట్టిన కుంకుమ.

"నెలనెలా నువ్వు చూస్తున్నది ఇదేనా?" అని ఏఓ సారు అరిచాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, పెద్దమనుషుల దగ్గర పడ్డదంతా ఆయన మీద కుమ్మరించాడు.

మేస్త్రీ ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "ఆఖరున దీన్ని ముట్టుకున్నది ఎవరు?"

నా నోరు పెగల్లేదు. అందరితో గొడవకు దిగే ఈ నోరే. చెబితే ఏఓ సారును ఇరికించినట్టు అవుతుంది, ఉద్యోగం పోతుంది అనుకున్నాను. ఏఓ సారూ మాట్లాడలేదు. పోయించింది తానని ఆయనకు తెలియదా? మేస్త్రీ ఇంకొంచెంసేపు నా కోసం ఆగాడు. తర్వాత కొనలన్నీ గీకి, తుడిచి, బిగించి, బండిని నడిపి చూపించాడు. "రేపటి నుంచి రావద్దు" అని ఏఓ సారు అంటే సంచి భుజాన వేసుకున్నాడు.

గేటు దగ్గర అందుకున్నాను. "నువ్వైనా ఎందుకు చెప్పలేదన్నా? కుంకుమ చూసినావు కదా" అని అడిగాను. సిగ్గు లేకుండా ఆయన మీదే కోపం చూపించాను.

"నేనెట్ల చెప్పేది మే? పూజ నీళ్లతో బండి చెడిపోయిందని బాషా అంటే, ఆ మాట యాడికి పోతుందో నీకు తెల్దా? నువ్వు చెప్పింటే అది బండి సంగతి. నేను చెప్తే అది బండి సంగతి కాదు" అని స్కూటరు ఎక్కాడు.

పని సరిగా చేయడని పేరు పడ్డాక, ఇంకో రెండు చోట్ల కూడా ఆయనను పిలవడం మానేశారు. ఏడాదికి ఏఓ సారు బదిలీ అయిపోయాడు. భయం తీరాక నాకు ధైర్యం వచ్చింది. పాతబస్తీ షెడ్డుకు వెళ్లి, ఆయన తీగ చుడుతుంటే ఎదురుగా నిలబడి, "ఆ నీళ్లు పోసింది నేనే అన్నా" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "నాకు తెల్దా? తెలిసినోనికి చెప్పేదానికి ఇంత దూరం వచ్చినావా? తెలియనోళ్లకు చెప్పు పో."

ఆ రోజు టీ తెప్పించలేదు. రెండేళ్ల కిందట ఆయన పోయాడని తెలిసి వెళ్లాను, వీధి చివర ఆడవాళ్లలో నిలబడి తిరిగొచ్చాను. ఏఓ మీద కోపం ఎప్పుడో చల్లారింది, వాడు అంతే అనుకున్నాను. నా మీద కోపం మాత్రం చల్లారలేదు. ఆయన చెప్పమన్న మాట ఎవరికీ చెప్పకుండా ఇన్ని ఆయుధపూజలు దాటేశాను. ఏటా ఏదో ఒక వంకతో సీటు ఎత్తనివ్వలేదు, అంతే.

ఈ ఉదయం కొత్త ఏఓ సారు కాయ కొట్టి, నీళ్లున్న చిప్ప నా చేతికిచ్చాడు. "బ్యాటరీల మీద పోయమ్మా, మంచిది" అన్నాడు. డ్రైవర్లు, నర్సులు, సెక్యూరిటీవాళ్లు అందరూ ఉన్నారు. నేను సీటు ఎత్తకుండా దాని మీదే కూర్చున్నాను.

"పోయను సార్. ఒకసారి పోసినా. బండి చెడిపోయింది. బాషా మేస్త్రీ పని చేయలేదని ఆయనను తీసేసినారు. ఆయన తప్పేం లేదు. ఎవరు ముట్టుకున్నారని నన్ను అడిగినాడు, నేను నోరు మూసుకున్నా."

"పండగ పూట ఇప్పుడివన్నీ ఎందుకమ్మా?" అన్నాడు ఏఓ సారు.

నీళ్లు టైరు ముందు నేల మీద పోసి, తాళం తిప్పి, పెడల్ తొక్కాను. టక్ మంది. బండి నిమ్మకాయలు తొక్కుకుంటూ కదిలి గేటు వైపు వెళ్లింది, అక్కడ మొదటి రోగి అప్పటికే ఎదురు చూస్తున్నాడు. మేస్త్రీ అడిగినదానికి నేను జవాబు చెప్పాను. ఆ రోజు చెప్పి ఉంటే ఆయన తిట్టేవాడు కూడా కాదు.