బొట్టు పెట్టడానికి చోటు లేని పొయ్యి

నాకు భయం ఎక్కువ. ఇంట్లో అందరూ ఆ మాట అంటారు, నేనూ ఒప్పుకుంటాను. తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాను. ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వస్తాను. వంటగట్టు పలక కింద పొయ్యి దాచాలన్న ఆలోచన నాలాంటి దానికి రాదని వేరే చెప్పక్కర్లేదు. అయినా దానికి కారణం నా భయమే.

మా మేనత్తే నా అత్తగారు. కె. కోటపాడు దగ్గర చెరకు తోటల్లో పెరిగిన మనిషి. నన్ను ఎత్తుకుని పెంచింది కూడా ఆవిడే. చిన్నప్పుడు నాకు ఒళ్ళు కాలితే థర్మామీటరు కోసం ఎవరూ వెతికేవారు కాదు. ఆవిడ నా నుదుటి మీద అరచెయ్యి వేసి "నూటొకటుంది" అంటే అంతే. తరవాత డాక్టరు చూసినా నూటొకటే ఉండేది.

ఇప్పుడు ఆవిడకి షుగరు. ఏళ్ళు గడిచేకొద్దీ వేళ్ళకి తిమ్మిరి పట్టి, చేతిలో ఉన్నది మంచినీళ్ళ గ్లాసో వేడి కాఫీయో తెలియకుండా పోయింది. ఆవిడ అన్నయ్య, అంటే మా పెదనాన్న, ఇదే జబ్బుతో ముందు కాలివేలు, తరవాత పాదం పోగొట్టుకున్నాడు. మొదలు చిన్న బొబ్బే, కొత్త చెప్పు కరిస్తే వచ్చింది. అది నల్లబడటం నేను కళ్ళారా చూశాను.

ఓ మధ్యాహ్నం నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి తలుపు తీసేసరికి గుప్పుమని గ్యాసు వాసన కొట్టింది. అత్త హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పాలు పెడదామని నాబ్ తిప్పి, లైటరు నొక్కి, అంటుకుందనుకుని వచ్చేసిందట. జలుబు వల్ల వాసన తెలియలేదట. నాబ్ కట్టేసి, కిటికీలన్నీ తీశాను. ఆ వారమంతా క్లాసులో పాఠం మధ్యలో ఆగిపోయేదాన్ని.

మా ఆయన అప్పటికే వంటగట్టు మార్పిద్దామనుకుంటున్నాడు. విశాఖలో ఎవరింట్లోనో చూసి వచ్చాడు. గట్టు మీద నున్నటి రాతిపలక తప్ప ఏమీ ఉండదట, ఇండక్షన్ పొయ్యి దాని అడుగున ఉంటుందట. మంట లేదు, గ్యాసు లేదు, గిన్నె తీస్తే దానంతటదే ఆగిపోతుంది. "నీ భయానికి మందు దొరికింది," అన్నాడు. నేనూ నమ్మాను.

బిగించే మనిషి ఒక రోజంతా పని చేశాడు. గట్టు కింద అరలో పొయ్యిని పలకకి ఆనించి బిగించాడు, గాలి ఆడటానికి వెనక ఖాళీ వదిలాడు. చివరికి పలక మీద గిన్నె ఎక్కడ పెట్టాలో తెలిపే బూడిదరంగు చుక్కలు రెండు చూపించి, నా చేతిలో రెండు రబ్బరు బిళ్ళలు పెట్టాడు.

"గిన్నె కింద ఇది కంపల్సరీ మేడమ్. ఇది లేకుండా ఎట్టేరంటే గిన్నె వేడంతా రాయికెక్కిపోద్ది. దింపిన ఎంటనే సెయ్యెట్టీకండి. ఓ అరగంట ఆగండి."

"వేడిగా ఉందో లేదో చూస్తే తెలుస్తుందా?"

"సూత్తే ఏటి తెలుత్తాది మేడమ్? రాయి రాయిలాగే ఉంటాది," అని నవ్వి, సామాను సర్దుకున్నాడు.

అతను నవ్వుతూ అన్న ఆ మాట నన్ను వదల్లేదు. మర్నాటి నుంచి వంటయ్యాక దోసెపెనం మీద చిలకరించినట్టు పలక మీద నీళ్ళు చిలకరించి చూసేదాన్ని. చుయ్యిమంటే అత్తని వంటింటి గడప దాటనిచ్చేదాన్ని కాదు.

ఆవిడ బాధ వేరే. ప్రతి శుక్రవారం తలస్నానం చేసి, పొయ్యిని తుడిచి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దాన్ని తాకి కళ్ళకద్దుకోవడం ఆవిడకి పెళ్ళయిన నాటి నుంచీ ఉన్న అలవాటు. కొత్త గట్టు ముందు నిలబడి అటూ ఇటూ చూసింది.

"పొయ్యి ఏదే?"

"ఇదే అత్తా. పలక కింద ఉంది."

"కిందుంటే బొట్టెక్కడెట్టాల?"

చుక్కలు చూపించాను. గోరంత చుక్కలు, వంగి చూస్తే గానీ నాకే కనపడవు. పైగా పసుపు మరక పడుతుందని మా ఆయన గొణిగాడు. నేను ఆవిడ వైపు మాట్లాడలేదు. అలా నాలుగైదు శుక్రవారాలు పొయ్యికి బొట్టు లేకుండానే గడిచిపోయాయి. "బొట్టులేని పొయ్యి మీద వండింది తినీసి ఎల్తన్నారు," అని ఆవిడ సణుగుతూనే ఉంది.

మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్ళే ముందురోజు కూడా శుక్రవారమే. పోకుండలు కావాలంది. బెల్లం పాకం పట్టి, పిండి కలిపి, చదునడుగు ఇనపమూకుడు నిండా నూనె పోశాను. రెండు వాయిలు అయ్యేసరికి నూనె చుక్కలు పడి రబ్బరు బిళ్ళ జారడం మొదలెట్టింది. దానితో పాటు మూకుడూ కదిలింది. మరుగుతున్న నూనె ఎవరి కాళ్ళ మీద పడుతుందో అని, మూకుడు జాగ్రత్తగా ఎత్తి, బిళ్ళ లాగి పారేసి, రాయి మీదే పెట్టాను. అలా గంటసేపు వేయించాను. అయ్యాక మూకుడు మూలకి దింపి, పలక తుడిచి, డబ్బా తేవడానికి పక్కగదిలోకి వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి అత్త గట్టు దగ్గరుంది. తడి జుట్టు, ఎడమచేతిలో పసుపు గిన్నె. కుడిచెయ్యి పలక మీద పరిచి, అంగుళం అంగుళం జరుపుతోంది.

"ఏం చేస్తున్నావత్తా?"

"పొయ్యెక్కడుందో ఎతుకుతన్నాను. ఇప్పుడే కదా దింపేవు. ఎచ్చగా ఉన్నకాడే ఉంటాది." ఇంకాస్త గట్టిగా నొక్కింది. "అంతా సల్లగానే ఉందే."

ఆ చెయ్యి సరిగ్గా ఇంతసేపూ మూకుడు కాగినచోటే ఉంది.

డబ్బా కింద పడేసి ఆవిడ చెయ్యి లాగాను. అరచెయ్యి ఎర్రగా కమిలిపోయింది. రెండు వేళ్ళ కొనలు తెల్లగా ఉడికినట్టున్నాయి. ఆవిడ చేతి వంక చూడలేదు, నా ముఖంలోకి చూసింది.

"ఏటయ్యిందే? అలగ సూత్తన్నావేటి?"

కుళాయి కింద పెట్టి, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కట్టు కట్టాక డాక్టరు నన్ను పక్కకి పిలిచి, "షుగరు కదమ్మా. అరచెయ్యి పర్వాలేదు. ఆ రెండు వేళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేను," అన్నాడు. నాకు మా పెదనాన్న పాదం కళ్ళ ముందుకొచ్చింది.

ఆ తరవాతి రోజుల్లో నేను పడ్డ భయం ఇంకెప్పుడూ పడలేదు. కట్టు విప్పిన ప్రతిసారీ నలుపు కోసం వెతికేదాన్ని. విప్పిన గుడ్డ దాచుకుని వాసన చూసేదాన్ని. మంటయితే కంటికి కనపడేది, ఆవిడ దూరంగా ఉండేది. ఆవిడ కోసమని మంటని దాచింది మేము, ఆ బిళ్ళ తీసింది నేను. ఓరోజు అన్నం ముద్దలు కలిపి ఆవిడ నోట్లో పెడుతూ, ఉండబట్టలేక బిళ్ళ సంగతి చెప్పేశాను.

ముద్ద మింగి, "నూని ఒలికితే నీ కాళ్ళు కాలిపోవా? మంచి పనే సేసేవు," అంది. ఎడమచేత్తో నా కళ్ళు తుడవబోయి చెంప తుడిచింది.

రెండు నెలలు పట్టింది. వేళ్ళు నిలిచాయని డాక్టరు అన్న రోజు, మందుల షాపు ముందే నిలబడి ఏడ్చాను. ఇప్పుడు వంటయ్యాక వేడి ఉన్నచోటు చుట్టూ పసుపు ముద్దతో గుండ్రంగా గీత గీస్తాను. చల్లారాక గీత తుడిచేస్తాను. ఆ గీత ఉన్నంతసేపూ అత్త గట్టు ముట్టుకోదు. శుక్రవారం పొద్దున్నే, ఇంకా ఏమీ వండకముందే, ఆవిడ చెయ్యి పట్టుకుని చుక్క మీద బొట్టు పెట్టిస్తాను. పలక మీద పచ్చగా మరక పడిపోయింది. "ఉండనీ," అన్నాడు మా ఆయన.

మొన్న బడి నుంచి ఒళ్ళు నొప్పులతో వచ్చి మంచం మీద వాలిపోయాను. థర్మామీటరు నూటరెండు చూపించింది. ఎవరికీ చెప్పకుండా దాన్ని తలగడ కింద పెట్టాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. ఉల్లిపొర లాంటి కొత్త చర్మం వచ్చిన ఆ అరచేతిని నా నుదుటి మీద వేసి, చాలాసేపు ఉంచింది. ఆవిడ ఏమంటుందో అని నాకు భయం వేసింది.

"సల్లగానే ఉన్నావే," అంది.

"అవునత్తా," అన్నాను.