హాంబర్గ్ ఉద్యోగమా, బామ్మగారి కుట్టుమిషనా?

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో చదువు ముగించి ఏడాదిగా ఉద్యోగం వెతుకుతున్నాను. వీసా గడువు ఇంకా నాలుగు నెలలే ఉంది. మా బిల్డింగులో పగలంతా ఇంట్లో ఉండేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇక్కడ మనుషులు లేని ఇంటి పార్సిల్ పొరుగింట్లో ఇచ్చిపోతారు కనుక, పది కాపురాలకూ పోస్టాఫీసు నేనే.

ఈ రోజు హాంబర్గ్‌లోని ఒక గోదాముల కంపెనీతో వీడియో ఇంటర్వ్యూ. "మీ గొప్ప బలం ఏమిటి?" అని ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ అడగ్గానే బెల్లు మోగింది. క్షమాపణ చెప్పి వెళ్లి, నా అంత పొడవున్న తివాచీ చుట్టను భుజాన వేసుకుని కెమెరా ముందునుంచి దాటాను. కూర్చున్నానో లేదో మళ్లీ బెల్లు. ఈసారి కుక్క తిండి, పదిహేను కిలోలు.

"ఇవన్నీ ఎవరివి?"

"బిల్డింగువాళ్లవి మేడమ్."

"ఏది ఎవరిదో ఎలా గుర్తుంటుంది?"

ల్యాప్‌టాప్ తిప్పి చూపించాను. అంతస్తులవారీగా పేర్చిన పెట్టెలు, పేర్ల చీటీలు, తీసుకున్నవాళ్ల సంతకాల నోటుబుక్కు. మేడమ్ అప్పుడు మొదటిసారి పెన్ను తీశారు. సోమవారం రెండో రౌండుకి పిలిచారు!

సాయంత్రం తివాచీ కోసం వచ్చిన మూడో అంతస్తు బామ్మగారికి ఈ శుభవార్త చెప్పాను. ఆవిడ మొహం వాడిపోయింది.

"హాంబర్గ్ వెళ్లిపోతావా? అక్కడ రోజూ వానే నాయనా. ఆ గాలికి గొడుగు కూడా నిలవదు."

"ఉద్యోగం కదండీ, తప్పదు."

"మరి వచ్చే నెల నా కుట్టుమిషన్ వస్తోందే!"

బిల్డింగు మొత్తం ఆవిడ పక్షమే. మీరు ఎటు? వెంటనే కామెంట్లో ఓటు వేయండి, నేను వెనకబడి ఉన్నాను.