అటు మనుషులు రారండి

1967 వేసవి. తెనాలి రైల్వే స్టేషన్‌లో నేను పోర్టర్‌ని. పోర్టర్ అంటే ఎర్రచొక్కా కూలీ కాదు. జీతం మీద పనిచేస్తూ సిగ్నల్ దీపాలు తుడవడం దగ్గర్నుంచి పార్సెళ్ళు ఎత్తడం దాకా చెప్పిన పనల్లా చేసేవాడు. ఆ రోజుల్లో పొద్దుటిపూట నన్ను గేటు దగ్గర వేశారు. ఒక రెక్క దగ్గర టికెట్ కలెక్టర్ గారు, రెండో రెక్క దగ్గర నేను. దిగినవాళ్ళ దగ్గర టికెట్లు తీసుకోవాలి. నాకప్పటికి చదువు రాదు. అక్షరాలు నేర్చుకుంది నలభై దాటాకే. అట్టముక్క టికెట్టు మీద అచ్చు తీరు చూసి ఏ ఊరిదో చెప్పేవాణ్ణి. తప్పు పోయేది కాదు.

ఆ ఏడు వేసవికి కాలవలకి నీళ్ళు కట్టేశాక చుట్టుపక్కల పల్లెల్లో వాంతులూ బేదులూ మొదలయ్యాయి. ఒకరోజు మునిసిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ సైకిల్ మీద స్టేషన్‌కు వచ్చాడు. ఊరి శుభ్రత, అంటురోగాలు చూసే ఉద్యోగి ఆయన. బక్కమనిషి, మాట మాత్రం కరుకు. స్టేషన్ మాస్టర్ గారితో మాట్లాడి గేటు దగ్గరకొచ్చాడు.

"సాంబయ్యా, తెనాలి జనాభా ఎంతయ్యా?"

"నాకేం తెలుసండి? మీ ఆఫీసులో ఉంటది గదా."

"మా ఆఫీసులో ఉండేది రాత్రి తెనాల్లో పడుకునేవాళ్ళ లెక్క. ఇంటింటికీ తిరిగి రాసుకున్నది అదే. పగలు పదకొండింటికి ఊళ్ళో ఎంతమంది ఉంటారో ఎవడికీ తెలీదు. దాహం వేసేది పడుకున్నవాడికా, తిరిగేవాడికా?"

ఆయన పనేమిటంటే, బ్లీచింగ్ పొడి కలిపిన మంచినీళ్ళ డ్రమ్ములు ఊళ్ళో పెట్టించడం. డ్రమ్ములు తక్కువ, నీళ్ళు తోలే బండ్లు ఇంకా తక్కువ. పగలు ఏ చోట ఎంత జనం ఉంటారో తెలిస్తే ఆ ప్రకారం సర్దుదామని ఆయన ఆలోచన. లెక్క ఎలా కట్టాలో నాకు అరుగు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. ఊళ్ళో పడుకునేవాళ్ళకి పొద్దున్నే రైళ్ళు, బస్సులు దిగి ఊళ్ళోకి వచ్చేవాళ్ళని కలపాలి. బాపట్లకీ రేపల్లెకీ ఉద్యోగాలకి పోయే గుమాస్తాలనీ మాస్టర్లనీ తీసేయాలి. మిగిలింది పగటి జనాభా.

మాది జంక్షన్. రేపల్లె బండి దిగినవాళ్ళలో చాలామంది ఊళ్ళోకి రారు, ప్లాట్‌ఫారం మారి ఇంకో బండి ఎక్కుతారు. వాళ్ళని కలిపితే లెక్క ఉబ్బుతుంది. వాళ్ళ టికెట్టు వాళ్ళ జేబులోనే ఉంటుంది, ఊళ్ళోకి వచ్చేవాడి టికెట్టే గేటు దగ్గర మా చేతికొస్తుంది. అందుకే ఆయన నా దగ్గరకు వచ్చాడు. చేతికొచ్చిన టికెట్లు సాయంత్రం లెక్కపెట్టవచ్చు. నెలవారీ సీజన్ టికెట్టువాళ్ళు చూపించి పోతారే గాని ఇవ్వరు. వాళ్ళ కోసం కుడిజేబు నిండా చింతగింజలు పోసుకుని, మనిషికొక గింజ ఎడమజేబులోకి మార్చేవాణ్ణి. ఆరు రోజులు అలా చేశాను. ఒక్క గింజ తేడా రానివ్వలేదు.

ఇక చెప్పాల్సింది పార్సెల్ గేటు సంగతి.

స్టేషన్‌కి ఆ చివర, గూడ్స్ షెడ్ పక్కన చిన్న గేటుండేది. దాని తాళం నా దగ్గర. వేమూరు, జంపని వైపు నుంచి ఆకుకూరలు అమ్ముకునే ఆడవాళ్ళు రేపల్లె ప్యాసింజర్లో వచ్చేవాళ్ళు. గోంగూర, తోటకూర, బచ్చలి. టికెట్టు కొంటే ఆ రోజు కష్టం రైలుకే సరి. పొద్దున్నే పెద్ద గేటు దగ్గర జనం పలచబడ్డాక పార్సెళ్ళ పని మీద అటు వెళ్ళి, నేను ఆ తాళం తీసి, గేటు దగ్గరగా వేసి, ఇటు తిరిగి నిలబడేవాణ్ణి. నేను చేసింది అంతే.

వాళ్ళలో సువార్తమ్మ అని ఉండేది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. గంప నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నడిచేది. పోతూ పోతూ నా వీపు వెనక ఆగి పలకరించేది.

"అన్నయ్యా, మమ్మల్ని చూళ్ళేదు గదా?"

"ఎవరు మీరు?"

"పార్సెళ్ళం అన్నయ్యా. అడ్రసు లేని పార్సెళ్ళం."

వెనకున్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది, కాని తిరిగి చూసేవాణ్ణి కాదు.

ఆరో రోజు సాయంత్రం ఇన్‌స్పెక్టర్ గారు బెంచీ మీద కూర్చుని కాయితాలు కలుపుకున్నాడు. కలం మూతపెట్టబోతూ అడిగాడు.

"ఈ గేటు కాకుండా ఊళ్ళోకి ఇంకే దారైనా ఉందా? ఆ గూడ్స్ షెడ్ వైపు?"

టికెట్టు లేనివాళ్ళని వదిలానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

"అటు పార్సెళ్ళు తప్ప మనుషులు రారండి."

ఆయన రాసుకున్నాడు. ఆ ఆడవాళ్ళని కాపాడానని ఆ పూట అనుకున్నాను. నిజానికి నన్ను నేను కాపాడుకున్నాను.

మర్నాటికల్లా డ్రమ్ములు వచ్చాయి. స్టేషన్ ముందు రెండు, బస్టాండులో, మార్కెట్లో, కోర్టు దగ్గర. గూడ్స్ షెడ్ వెనక సందులోకి రాలేదు. ఆడవాళ్ళు కూర్చుని అమ్ముకునేది ఆ సందులోనే. బండివాళ్ళు, మిల్లు కూలీలు అక్కడే కొనుక్కునేవాళ్ళు. పక్కన కట్టేసిన కాలవలో గుంటలుగా మిగిలిన నీళ్ళుండేవి. ఆకుకూర మీద చల్లేది ఆ నీళ్ళే, ఎండెక్కాక దోసిట పట్టి తాగేదీ ఆ నీళ్ళే.

నేను చూశాను. చూసి ఊరుకోలేక వెళ్ళి చెప్పాను.

"సువార్తమ్మా, ఆ నీళ్ళు తాగొద్దు. స్టేషన్ ముందు డ్రమ్ము పెట్టారు."

"చూశాంలే. డ్రమ్ము పక్కనే మీ టీసీ గారి మీసాలు కూడా చూశాం. నీళ్ళకని పోతే టికెట్టేదంటాడు. మా గొంతుకి ఈ నీళ్ళు అలవాటేలే అన్నయ్యా."

మొదటిరోజు డ్రమ్ములో నీళ్ళు బకెట్టుతో పట్టుకెళ్ళి సందులో పెట్టాను. రెండోరోజు రైళ్ళు ఆలస్యమై కుదరలేదు. మూడోరోజు మర్చిపోయాను. ఎంత గట్టిగా తలుచుకున్నా ఆ రోజు నాకేం పని తగిలిందో గుర్తుకు రాదు.

వారం తిరక్కుండా ఒక పొద్దున్న నా వీపు వెనక పలకరింపు లేదు. అడుగుల చప్పుడొక్కటే. రెండోరోజూ అంతే. మూడోరోజు ఆగలేక తిరిగి చూశాను. సువార్తమ్మ ఆడబడుచు కరుణమ్మ గంప దించి గోడకానుకుని నిలబడింది.

"వదినేదమ్మా?"

"పోయిందన్నయ్యా. సోమవారం తిరుగు బండిలోనే వాంతులు పట్టుకున్నాయి. వేమూరులో ఇద్దరం మోసి దించాం. డాక్టరు దగ్గరకి తీసుకుపోదామని ఎడ్లబండి కట్టేలోపే కళ్ళు తేలేసింది."

ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఊళ్ళోకొచ్చేవాళ్ళ లెక్క నన్నే అడిగారమ్మా. మిమ్మల్ని చెప్పలేదు. చెప్పుంటే మీ సందులోనూ డ్రమ్ము పెట్టేవాళ్ళు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ నెత్తిన చుట్టకుదురు సర్దుకుని గంప ఎత్తుకుంది.

"చూడొద్దని మేమే గదా అడిగింది. నువ్వు చూళ్ళేదు. నిన్నేమంటాం అన్నయ్యా."

ఆ మధ్యాహ్నం మునిసిపల్ ఆఫీసుకి నడిచి వెళ్ళి ఇన్‌స్పెక్టర్ గారి ముందు నిలబడ్డాను. అంతా చెప్పాను. ఆయన కాయితం తీశాడు.

"రోజుకి ఎంతమందయ్యా?"

"లెక్కపెట్టలేదండి."

"పోనీ ఉజ్జాయింపుగా చెప్పు."

ఎన్నేళ్ళు ఆ గేటు తీశాను! గొంతు విని ఎవరిదో చెప్పగలను. ఎంతమందో చెప్పలేకపోయాను. వేళ్ళు మడవడం మొదలుపెడితే మొదటి వేలు సువార్తమ్మదే అవుతోంది, అక్కడే ఆగిపోతున్నాను.

ఇన్‌స్పెక్టర్ గారు కలం కింద పెట్టాడు. "నువ్వు రారన్నావు. నేను రాసుకున్నాను. సైకిల్ అటు తిప్పి సందులోకి తొంగిచూసే ఓపిక నాకూ లేకపోయింది" అన్నాడు. సాయంత్రానికి అక్కడికి డ్రమ్ము పంపించాడు.

కాని ఆ కబురు స్టేషన్‌కి చేరింది. పార్సెల్ గేటు తాళం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ఆ తర్వాత ఆ ఆడవాళ్ళు ఒక స్టేషన్ ముందే, చినరావూరులో దిగి, గంపలతో ఎండలో నడిచి ఊళ్ళోకి రావడం మొదలుపెట్టారు. గూడ్స్ షెడ్ సందులోకి మళ్ళీ రాలేదు. అక్కడ డ్రమ్ము నిండుగా ఉండేది. తాగే మనుషులు లేరు. నెల తిరక్కుండా నన్ను బాపట్ల మార్చారు.

ఆ నీళ్ళ వల్లే పోయిందని ఏ డాక్టరూ చెప్పలేదు. మంచినీళ్ళు తాగుంటే బతికేదనీ ఎవరూ చెప్పలేదు. నేను ఆ మాట అడ్డుపెట్టుకోదలుచుకోలేదు.

డెబ్భైల్లో బాపట్లలో కూడా లెక్కలవాళ్ళు గేటు దగ్గరకు వచ్చేవాళ్ళు, ఇక్కడ బస్సు స్టాండు పెట్టాలి, అక్కడ పంపు వేయాలి అంటూ. అప్పటికి నాకు రాయడం వచ్చింది. వాళ్ళ కాయితం నింపబోయే ముందు ఒక మాట చెప్పేవాణ్ణి: గేటు దగ్గర మనిషిని మీరు అడిగితే గేటు దాటినవాళ్ళనే చెబుతాడు, వెనక సందులోకి మీ కాళ్ళతో మీరు వెళ్ళిరండి. కొందరు వెళ్ళేవాళ్ళు, కొందరు నవ్వేవాళ్ళు.

నా ఉద్యోగం నాకు నేర్పింది ఇదీ. లేనివాళ్ళని చూసీచూడనట్టు వదిలేస్తే దయ అనుకుంటాం. పట్టుకోకపోవడం వరకే అది దయ. ఆ తర్వాత వాళ్ళు ఎటు పోయారు, ఎక్కడ కూర్చున్నారు, ఏం తాగారు అన్నది చూడాల్సిన మనిషి ఒకడు ఉండాలి. తెనాల్లో ఆ మనిషిని నేనే. నేను ఇటు తిరిగి నిలబడ్డాను.